రైలు కార్మికులు, పౌరహక్కులు, యుద్ధం: ఖరగ్‌పూర్ నుండి మెంఫిస్ వరకు

అమెరికా చరిత్రను చదివే విద్యార్థికి పాఠ్యపుస్తకంలో ఖరగ్‌పూర్ పేరు కనిపించదు. కనిపించదగిన పేరే అది. హౌరా నుండి నాగపూర్‌కు పోయే మార్గంలో ఈ పట్టణం ఒక పెద్ద కూడలి. ఇక్కడ చీలిన మరొక మార్గం కటకం, బరంపురం, విజయనగరం మీదుగా వాల్తేరుకు సాగుతుంది. ఆ దారినే గంజాం, శ్రీకాకుళం, విశాఖపట్టణం ప్రాంతాల తెలుగువారు బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ వారి కార్ఖానాలో పని వెదుక్కుంటూ వచ్చి స్థిరపడ్డారు. రైల్వే కాలనీల ప్రక్కనే ఉన్న ఖరిదాలోనూ, మథురాకాటి, నింపురా పేటలలోనూ తెలుగు, వంగ, ఒడియా, హిందీ భాషలు ఒకే బజారులో వినిపిస్తాయి. ఈ ఊరికి 'మినీ ఇండియా' అనే వ్యవహారం ఊరకనే రాలేదు.

కంపెనీ పాలనలో అందరూ ఒకే పట్టాల మీద పనిచేసినా ఒకే మెట్టు మీద లేరు. పై మెట్టున ఐరోపా జాతీయులు, తరువాత ఆంగ్లో ఇండియనులు, అడుగున భారతీయులు. జీతం, క్వార్టరు, సాయంకాలం కాలక్షేపానికి పోయే ఇన్‌స్టిట్యూట్, అన్నీ పుట్టుకను బట్టి వేరువేరుగా ఉండేవి. ఈ అంతరాన్ని ప్రశ్నించిన కార్మిక సంఘానికి నాయకుడు బరంపురంలో జన్మించిన తెలుగువాడు వరాహగిరి వేంకటగిరి. ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి, అక్కడి స్వాతంత్ర్య సంగ్రామపు వేడిని చూసి వచ్చిన ఆయన, రైల్వే కార్మికులను సంఘటితపరచే పనికి పూనుకొన్నాడు. 1927లో ఖరగ్‌పూర్‌లో సమ్మె జరిగింది. అదే ఏడాది కార్ఖానాలో పెద్దఎత్తున ఉద్యోగాలు తగ్గించబూనగా సంఘర్షణ మళ్లీ తలయెత్తి నెలల తరబడి సాగింది. ఆ గిరిగారే 1969లో భారత రాష్ట్రపతి అయ్యారు.

సరిగ్గా ఆ సంవత్సరాలలోనే అమెరికాలో మరొక రైలు కార్మికోద్యమం నడిచింది. పుల్‌మన్ కంపెనీ వారి పడక పెట్టెలలో ప్రయాణికులకు పక్కలు పరచి, సామాన్లు మోసి, బూట్లు తుడిచే పోర్టర్లందరూ ఇంచుమించుగా నల్లజాతివారే. ప్రయాణికులలో చాలమంది ఏ పోర్టరునైనా 'జార్జ్' అనే పిలిచేవారు. కంపెనీ యజమాని పేరు జార్జ్ పుల్‌మన్. బానిసను యజమాని పేరుతో పిలిచే పాత అలవాటు రైలెక్కి వచ్చిందన్నమాట! నెలకు నాలుగు వందల గంటల పని, చాలీచాలని జీతం, మిగిలినది ప్రయాణికుల బక్షీసు. 1925లో ఏ. ఫిలిప్ రాండాల్ఫ్ ఈ పోర్టర్ల సంఘాన్ని స్థాపించాడు. పన్నెండేళ్ల పోరాటం తరువాత, 1937లో, కంపెనీ సంఘంతో ఒప్పందం మీద సంతకం చేసింది. నెలకు 240 గంటల పని స్థిరపడింది.

గిరికి, రాండాల్ఫ్‌కు పోలికలున్నాయి గాని తేడాను కూడా గమనించవలసి ఉంది. ఖరగ్‌పూర్ కార్మికుడు ఎదిరించిన కంపెనీ పరాయిది, ప్రభుత్వమూ పరాయిదే. పుల్‌మన్ పోర్టరు తన స్వదేశంలో, తనకు సమానత్వాన్ని హామీ ఇచ్చిన రాజ్యాంగం క్రింద, పరాయివాడై బ్రతికాడు.

రెండవ ప్రపంచ యుద్ధం ఈ ప్రశ్నను పదునెక్కించింది. 1941 నాటికి అమెరికా ఆయుధ కర్మాగారాలు రాత్రింబవళ్లు నడుస్తున్నాయి. వాటిలో నల్లవారికి ఉద్యోగాలు మాత్రం లేవు. రాండాల్ఫ్ జూలై 1న రాజధానిలో వేలాదిమందితో పాదయాత్ర జరుపుతానని ప్రకటించాడు. ఐరోపాలో నాజీల జాతిద్వేషాన్ని ఖండిస్తున్న ప్రభుత్వానికి అది ఎంతటి ఇబ్బంది! అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ జూన్ 25న 8802 సంఖ్యగల ఉత్తర్వు జారీచేసి, రక్షణ పరిశ్రమలలో జాతి వివక్షను నిషేధించాడు. పాదయాత్ర ఆగింది. కాని ఆ ఉత్తర్వు సైన్యాన్ని తాకలేదు. నల్ల సైనికులు వేరు దళాలలోనే ఉన్నారు. రక్తదానంలో సైతం తెల్లవారి రక్తం వేరుగా, నల్లవారి రక్తం వేరుగా నిల్వచేశారు. 1942లో 'పిట్స్‌బర్గ్ కొరియర్' అనే నల్లవారి పత్రిక 'జంట విజయం' అనే ఉద్యమాన్ని ప్రారంభించింది. శత్రువు మీద ఒక విజయం, స్వదేశంలోని వివక్ష మీద మరొక విజయం.

ఈ సైన్యమే 1944లో ఖరగ్‌పూర్‌కు వచ్చింది. పట్టణానికి చేరువనున్న హిజిలీలో 1930లో ఆంగ్లేయ ప్రభుత్వం ఒక నిర్బంధ శిబిరాన్ని నెలకొల్పింది. 1931 సెప్టెంబర్ 16న అక్కడ పోలీసులు నిరాయుధులైన నిర్బంధితులపై కాల్పులు జరుపగా సంతోష్‌కుమార్ మిత్ర, తారకేశ్వర్ సేన్‌గుప్తా ప్రాణాలు కోల్పోయారు. రవీంద్రనాథ్ టాగోర్, సుభాష్‌చంద్ర బోస్ ఆ దారుణాన్ని తీవ్రంగా నిరసించారు. ఆ శిబిర భవనమే అమెరికా ఇరవయ్యవ బాంబర్ కమాండ్‌కు ప్రధాన కార్యాలయమైంది. సాలువా, చాకులియా, దూధ్‌కుండి, పియర్‌డోబా విమాన క్షేత్రాలను అమెరికా ఇంజనీరు దళాలూ, వేలాది భారతీయ కూలీలూ కలసి సిద్ధంచేశారు. అప్పటి ప్రపంచంలోకెల్లా పెద్ద బాంబర్లలో ఒకటైన బీ-29 విమానాలు ఇక్కడి నుండి హిమాలయాల మీదుగా చైనాలోని స్థావరాలకు ఇంధనం మోసుకొనిపోయి, అక్కడి నుండి జపాన్ మీద దాడులు సాగించాయి. వాటి మొదటి దాడి 1944 జూన్ 5న జరిగింది. లక్ష్యం బ్యాంకాక్‌లోని రైల్వే కార్ఖానా! ఒక రైల్వే కార్ఖానా పట్టణపు పొరుగున పైకి లేచిన విమానాలు, మరొక రైల్వే కార్ఖానాపై బాంబులు వేశాయి. అదే సంవత్సరం అక్టోబర్ 1న బెంగాల్-నాగపూర్ రైల్వే కంపెనీ చేతి నుండి ప్రభుత్వపరమైంది.

ఈశాన్యాన అస్సాంలోని లేదో నుండి బర్మా మీదుగా చైనాకు వేసిన రహదారిని ఇక్కడ విడిచిపెట్టరాదు. ఆ అడవులలో, ఆ వర్షాలలో పనిచేసిన దాదాపు పదిహేను వేలమంది అమెరికన్ సైనికులలో నూటికి అరవైమంది నల్లజాతివారు. వారిపై అధికారులు చాలవరకు తెల్లవారు. వర్ణభేదం అమెరికా విడిచి సముద్రాలు దాటినా సైన్యం దానిని తన సామగ్రితోపాటే మోసుకొని వచ్చింది.

యుద్ధానంతరం రాండాల్ఫ్ వెనుదీయలేదు. వేరుదళాల పద్ధతి పోకుంటే యువకులను సైన్యంలో చేరవద్దని చెబుతానని 1948లో సెనేట్ సంఘం ఎదుటనే ప్రకటించాడు. ఆ ఏడాది జూలై 26న అధ్యక్షుడు ట్రూమన్ సైన్యంలో సమానావకాశాలను శాసించే ఉత్తర్వు వెలువరించాడు. అది ఆచరణలోకి రావడానికి కొరియా యుద్ధం వరకు ఆగవలసి వచ్చింది.

1955 డిసెంబర్ 1న మాంట్‌గోమరీ నగరంలో బస్సులో తన స్థానాన్ని తెల్లవానికి ఇవ్వనన్న రోజా పార్క్స్‌ను అరెస్టు చేసినప్పుడు ఆమెకు పూచీపడి విడిపించినవాడు ఇ. డి. నిక్సన్. అతడు పుల్‌మన్ పోర్టరు, స్థానికంగా రాండాల్ఫ్ సంఘానికి అధ్యక్షుడు. ఆ నగరంలో 381 రోజులు సాగిన బస్సుల బహిష్కారం మార్టిన్ లూథర్ కింగ్‌ను లోకానికి పరిచయం చేసింది. చరిత్రకారులు కింగ్ ప్రసంగాలకిచ్చిన చోటులో సగమైనా ఈ రైలు కార్మికునికి ఇచ్చి ఉండవలసింది.

ఆ బహిష్కారం వార్తను ఖరగ్‌పూర్ మార్గపు రెండవ కొసన, నాగపూర్‌లో, ఒక నల్లజాతి యువకుడు పత్రికలో చదివి ఉప్పొంగిపోయాడు. అతడు జేమ్స్ లాసన్. కొరియా యుద్ధకాలంలో సైన్యంలో చేరడానికి నిరాకరించి చెరసాలకు వెళ్లినవాడు. విడుదలయ్యాక 1953లో నాగపూర్ హిస్లాప్ కళాశాలకు వచ్చి, బోధిస్తూ, గాంధీజీ సత్యాగ్రహ విధానాన్ని అధ్యయనం చేశాడు. 1956లో స్వదేశానికి తిరిగి వెళ్లి, కింగ్ ప్రోత్సాహంతో నాష్‌విల్ నగరంలో విద్యార్థులకు శిక్షణ ఇచ్చాడు. తిట్టినా, కొట్టినా చేయెత్తకుండా కూర్చోవడం ఎలాగో తరగతిలో అభ్యాసం చేయించేవాడు. 1960లో ఆ విద్యార్థులే భోజనశాలలలో బైఠాయించి వాటి తలుపులు తెరిపించారు. లాసన్‌ను మాత్రం అతడు చదువుతున్న విశ్వవిద్యాలయం వెళ్లగొట్టింది. 1959లో కింగ్ కూడా భారతదేశంలో పర్యటించాడు.

1963 ఆగస్టు 28న రాజధానిలో రెండున్నర లక్షలమంది కూడిన పాదయాత్రకు అధ్యక్షుడు రాండాల్ఫే. 1941లో ఆపిన నడకను ఇరవైరెండేళ్ల తరువాత పూర్తిచేశాడు. 1964లో పౌరహక్కుల చట్టం, 1965లో ఓటుహక్కు చట్టం వచ్చాయి. అంతలో వియత్నాం యుద్ధం ఉద్యమాన్ని రెండుగా చీల్చింది. 1967 ఏప్రిల్ 4న న్యూయార్క్‌లోని రివర్‌సైడ్ చర్చిలో కింగ్ ఆ యుద్ధాన్ని బహిరంగంగా ఖండించాడు. నల్లవారి ప్రాచీన సంస్థ అయిన ఎన్.ఏ.ఏ.సి.పి. రెండు ఉద్యమాలను ముడిపెట్టడం పొరపాటని తీర్మానించింది. చట్టాలు తెచ్చిన జాన్సన్ ప్రభుత్వాన్ని దూరం చేసుకోరాదన్నది వారి వాదం. అది తేలికగా కొట్టివేయదగిన వాదం కాదు. అయినా పేదల కోసం కేటాయించిన ధనాన్ని యుద్ధం మ్రింగివేస్తున్నదన్న కింగ్ మాటకు వారివద్ద జవాబు లేకపోయింది.

1968లో మెంఫిస్ నగర పారిశుద్ధ్య కార్మికులు సమ్మె చేశారు. పనిలో ఉండగా చెత్తబండి యంత్రంలో నలిగి ఇద్దరు కార్మికులు మరణించడం ఆ సమ్మెకు దారితీసింది. అప్పటికి ఆ నగరంలో మతబోధకుడుగా ఉన్న లాసన్ కింగ్‌ను ఆహ్వానించాడు. ఏప్రిల్ 4న, వియత్నాం ప్రసంగానికి సరిగ్గా ఏడాది నిండిన రోజున, కింగ్ అక్కడ హత్యకు గురయ్యాడు. పన్నెండు రోజుల తరువాత, ఏప్రిల్ 16న, నగర పాలకులు కార్మిక సంఘాన్ని గుర్తించి జీతాలు పెంచడానికి అంగీకరించారు.