సైకిల్ కొనే చోటే మొదలయ్యే కాపలా



సైకిల్ దొంగతనం తేలిగ్గా సాగడానికి కారణం తాళం ఒక్కటే కాదు. మోటారు సైకిల్‌కు ఆర్సీ, నంబరు ప్లేటు, ఇంజను నంబరు ఉంటాయి. సైకిల్‌కు రిజిస్ట్రేషన్ లేదు. పోయిన సైకిల్ దొరికినా, అది ఫలానావారిదని చెప్పడానికి షాపు ఇచ్చిన బిల్లు, వారంటీ కార్డు తప్ప మరో కాగితం ఉండదు. ఒకప్పుడు మునిసిపాలిటీలు సైకిల్ పన్ను కట్టించుకుని నంబరున్న రేకు బిళ్ళ ఇచ్చేవి. అద్దె సైకిళ్ల షాపులవాళ్ళు మడ్‌గార్డు మీద షాపు పేరూ నంబరూ పెయింటుతో రాయించేవారు. ఆ రెండు అలవాట్లూ పోయాక గుర్తు పెట్టుకునే భారం పూర్తిగా కొనేవారి మీద పడింది.

కంపెనీలు సైకిల్ ఫ్రేము మీద ఒక నంబరు కొడతాయి. సాధారణంగా అది పెడళ్ల ఇరుసు తిరిగే గొట్టం అడుగున ఉంటుంది. కొన్నిటికి హ్యాండిల్ కింద గొట్టం మీదో, సీటు గొట్టం మీదో ఉంటుంది. సైకిల్‌ను తలకిందులుగా నిలబెట్టి మట్టి తుడిస్తే కనిపిస్తుంది. మంచి షాపు ఆ నంబరును బిల్లు మీదా వారంటీ కార్డు మీదా అడక్కుండానే రాసి ముద్ర వేస్తుంది. లేకపోతే కొనేవారే అడిగి రాయించుకోవాలి. నంబరుకూ, సైకిల్ మొత్తానికీ ఫొటోలు తీసి పెట్టుకోవాలి. రంగూ స్టిక్కర్లూ ఒక్క పూటలో మారిపోతాయి. ఇనుములోకి దిగిన నంబరును అరగదీస్తే, అరగదీసిన ఆనవాలు మిగులుతుంది.

బిల్లు దగ్గరే షాపు తీరు బయటపడుతుంది. ‘బిల్లు కావాలంటే జీఎస్టీ అదనం’ అనే మాట చాలా చోట్ల వినిపిస్తుంది. ఎమ్మార్పీలో పన్నులన్నీ కలిసే ఉంటాయి. ఆ ధర మీద మళ్ళీ పన్ను అడగడం తప్పు. పైగా సైకిళ్ల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22 నుంచి 12 శాతం కాస్తా 5 శాతమైంది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం బిల్లు ఇవ్వకపోవడాన్నే అనుచిత వ్యాపార పద్ధతిగా లెక్కగట్టింది. లోపమున్న సరుకును బిల్లులో రాసిన గడువులోగా, గడువు రాయకపోతే 30 రోజుల్లోగా వెనక్కి తీసుకోనన్నా అదే తప్పు. ‘అమ్మిన సరుకు వాపసు తీసుకోబడదు’ అని గోడకు తగిలించిన అట్ట లోపమున్న సరుకు విషయంలో చెల్లదు.

సైకిల్ షాపుకు పూర్తిగా బిగించి రాదు. హ్యాండిల్, పెడళ్లు, ముందు చక్రం వంటివి అక్కడి మెకానిక్ బిగిస్తాడు. షాపు పనితనం తెలిసేది ఇక్కడే. పుల్లలు సమానంగా లాగి చక్రం ఒంకర తీయాలి, బ్రేకు రబ్బర్లు రిమ్ముకు సరిగా ఆనేలా సర్దాలి, బోల్టులన్నీ మరోసారి చూడాలి. గిరాకీ రోజుల్లో ఈ పని హడావిడిగా ముగించిన సైకిల్ వాడినవాళ్ల ప్రాణం మీదికి తెస్తుంది. ఫిట్టింగ్ చార్జీ విడిగా తీసుకుంటే అది బిల్లులో కనిపించాలి. సర్వీసుకిచ్చిన సైకిల్‌కు ఫ్రీవీలో చైనో మార్చితే పాత సామాను కొనుగోలుదారు చేతికి తిరిగి ఇవ్వాలి. మంచి సామాను విప్పేసి నకిలీది వేసే మోసానికి ఇదే అడ్డుకట్ట.

గేరు సైకిల్ చూడడానికొచ్చినవారికి కుర్చీ వేసి, పాలక్యాన్లు మోసే సైకిల్ తోసుకొచ్చినవాణ్ణి గుమ్మం దగ్గరే నిలబెట్టే షాపులున్నాయి. ఆ రెండోవాడి సైకిల్ ఒక పూట ఆగితే ఆ పూట సంపాదన పోతుంది. అతని పంచరు ముందు వేసే షాపే నమ్మదగిన షాపు. మోసం జరిగితే 1915 నంబరుకు ఫోను చేయవచ్చు, రెండేళ్లలోగా జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చు. అయిదు లక్షల రూపాయల లోపు కొనుగోలుకు అక్కడ ఫీజు లేదు, వకీలును పెట్టుకోవడం తప్పనిసరి కాదు.

ఇక తాళాలు. వెనక చక్రానికి బిగించే గుండ్రటి తాళం చక్రాన్ని తిరగనివ్వదు, అంతే. వెనక భాగం ఎత్తి నడిపించుకుపోవచ్చు, ఆటోలో వేసుకుపోవచ్చు. సన్నని కేబుల్ తాళం కట్టరుకు క్షణాల్లో తెగుతుంది. గట్టి గొలుసుతోగానీ, యూ ఆకారపు ఉక్కు తాళంతోగానీ ఫ్రేమునూ వెనక చక్రాన్నీ కలిపి, నేలలో పాతిన కమ్మీకి బిగించాలి. చేత్తో విప్పే లీవరు ఉంటే ముందు చక్రం ఒక్కటే కూడా పోతుంది. అపార్టుమెంటు సెల్లారును అతిగా నమ్మకూడదు. నెలల తరబడి దుమ్ము పట్టిన సైకిల్ పోయిన సంగతి ఇంట్లోవాళ్లకే ఆలస్యంగా తెలుస్తుంది.

బస్టాండు, రైల్వే స్టేషన్ స్టాండ్లలో ‘ఓనర్ రిస్కు’ అని బోర్డు ఉంటుంది. డబ్బు తీసుకుని, టోకెన్ ఇచ్చి సైకిల్‌ను తన అధీనంలో ఉంచుకున్న స్టాండుకు 1872 నాటి కాంట్రాక్టు చట్టం ప్రకారం తగిన జాగ్రత్త తీసుకునే బాధ్యత ఉంటుంది. హోటల్ సిబ్బందికి తాళాలిచ్చిన కారు పోయిన కేసులో, అటువంటి షరతు అచ్చువేసినంత మాత్రాన నిర్లక్ష్యానికి మినహాయింపు దొరకదని సుప్రీంకోర్టు 2019లో తేల్చింది. టోకెన్ పారేయకూడదు.

సైకిల్ పోతే ఫిర్యాదు వెంటనే ఇవ్వాలి. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ కింద దొంగతనానికి మూడేళ్ల దాకా జైలు ఉంది. సొత్తు విలువ 5,000 రూపాయల లోపైతే, మొదటిసారి దోషిగా తేలి సొత్తు తిరిగి ఇచ్చినవారికి సమాజ సేవే శిక్ష. ఆ లోపు విలువున్న అటువంటి దొంగతనాన్ని మేజిస్ట్రేట్ ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయలేరు. పాత సాదా సైకిల్ విలువ చాలాసార్లు ఈ గీత కిందే ఉంటుంది. వాచ్‌మన్‌కో, మేస్త్రీకో ఉన్న ఒకే ఒక్క బండి పోయినప్పుడు అతని ఫిర్యాదు పక్కన పడిపోవడానికి ఇక్కడే దారి ఏర్పడింది. కూలి వెళ్లలేని రోజుల్ని ఈ గీత లెక్కలోకి తీసుకోదు. అందుకే ఫిర్యాదులో కొన్న ధర, బిల్లు, ఫ్రేము నంబరు స్పష్టంగా రాయాలి. ఫిర్యాదు ఫోను ద్వారానో, ఆన్‌లైన్‌లోనో పంపితే మూడు రోజుల్లోగా స్టేషన్‌లో సంతకం చేయాలి. దొరికిన సైకిల్ కోర్టు ఉత్తర్వుతో చేతికి వస్తుంది.

దొంగ సైకిల్ చివరికి చేరేది సెకండ్ హ్యాండ్ బజారుకే. దొంగ అమ్మినదాని మీద, ఎంత మంచి మనసుతో కొన్నా, కొన్నవారికి హక్కు రాదు. అసలు యజమాని అడిగితే ఇచ్చేయాలి. దొంగసొత్తని తెలిసిగానీ, అలా నమ్మడానికి కారణం ఉండిగానీ పుచ్చుకుంటే అదే న్యాయ సంహిత 317వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు. దాన్నే అలవాటైన వ్యాపారంగా చేస్తే యావజ్జీవం లేదా పదేళ్ల దాకా పడవచ్చు. జపాన్‌లో 1994 నుంచి సైకిల్ రిజిస్ట్రేషన్ తప్పనిసరి. అమ్మిన షాపే చిన్న రుసుము తీసుకుని నంబరు నమోదు చేసి, ఫ్రేము మీద స్టిక్కరు అంటిస్తుంది. మన దగ్గర అటువంటి ఏర్పాటు వచ్చేదాకా పాత సైకిళ్ల షాపు ఒక రిజిస్టరు పెట్టుకోవడం న్యాయం: అమ్మినవారి పేరు, గుర్తింపు కార్డు నకలు, ఫ్రేము నంబరు, తేదీ, సంతకం. ఆ రిజిస్టరు చూపించని షాపులో, బజారు ధరలో సగానికే వస్తున్నా సైకిల్ కొనకూడదు.

ఇట్లు,
పెదనాన్న