లోహానికి పూచీ పడే కొలువు: విమాన విడిభాగాల ల్యాబ్‌లో మెటలర్జిస్ట్

ఒకే డ్రాయింగ్ ప్రకారం తయారైన రెండు అల్యూమినియం బ్రాకెట్లు బల్ల మీద ఉన్నాయనుకోండి. రెండూ 7075 మిశ్రమమే. కొలతలు, బరువు, మెరుపు అన్నీ ఒకటే. కానీ ఒకదానికి టీ6, రెండోదానికి టీ73 హీట్ ట్రీట్‌మెంట్ జరిగింది. టీ6కు బలం ఎక్కువ. టీ73 కొంత బలం వదులుకుని, తేమ, ఒత్తిడి కలిసి తెచ్చే పగుళ్లను బాగా తట్టుకుంటుంది. టీ73 ఉండాల్సిన చోట టీ6 బిగించినా విమానం ఆ రోజుకు ఎగురుతుంది. చిక్కు ఏళ్ల తర్వాత మొదలవుతుంది.

వెర్నియర్ కాలిపర్‌కు ఈ తేడా దొరకదు. హార్డ్‌నెస్‌తో పాటు విద్యుత్ వాహకతను కూడా కొలిచి, ఏది ఏదో తేల్చి సంతకం పెట్టే మనిషి కావాలి. విమాన విడిభాగాల తయారీ ల్యాబ్‌లో మెటలర్జిస్ట్ చేసేది అదే. ఇంజినీరింగ్‌లో మెటలర్జీ సీటు వచ్చిందని దిగులు పడేవారు, డిప్లొమాతో ల్యాబ్ ఉద్యోగం వెతుక్కునేవారు ఈ కొలువు గురించి తెలుసుకోవడం మంచిది.

రోజూ చేసే పని

ముడిసరుకు రాడ్డుగానో, ప్లేటుగానో, ఫోర్జింగ్‌గానో వస్తుంది. వెంట మిల్లు ఇచ్చిన టెస్ట్ సర్టిఫికెట్, హీట్ నంబర్ ఉంటాయి. కాగితం మీద రాసిందీ లోహంలో ఉన్నదీ ఒకటేనా అన్నది మొదటి ప్రశ్న. స్పెక్ట్రోమీటర్ మీద రసాయన కూర్పు చూస్తారు. టైటానియమైతే ఆక్సిజన్, నైట్రోజన్, హైడ్రోజన్ ఎంతున్నాయో విడిగా కొలుస్తారు. తర్వాత టెన్సైల్, హార్డ్‌నెస్ పరీక్షలు.

మైక్రోస్కోప్ దగ్గర అసలు ఓపిక కావాలి. ముక్క కోసి, రెజిన్‌లో మౌంట్ చేసి, ఎమరీ కాగితాలపై వరసగా రుద్ది, డైమండ్ పేస్టుతో అద్దంలా పాలిష్ చేసి, ఎచింగ్ చేయాలి. ఉక్కుకు నైటాల్, అల్యూమినియానికి కెల్లర్స్, టైటానియానికి క్రోల్స్ ద్రావణం వాడతారు. అప్పుడు గ్రెయిన్లు కనిపిస్తాయి. వాటి సైజును ఏఎస్‌టీఎం ఈ112 ప్రకారం లెక్కిస్తారు. టైటానియాన్ని గాలి తగిలేలా వేడి చేస్తే ఆక్సిజన్ పీల్చుకుని పైన పెళుసు పొర కడుతుంది. దాన్ని ఆల్ఫా కేస్ అంటారు. అది పూర్తిగా పోయిందో లేదో చెప్పేది కూడా ఈ మైక్రోస్కోపే.

కెల్లర్స్, క్రోల్స్ రెండింటిలోనూ హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. పలుచని ద్రావణం చర్మం మీద పడితే వెంటనే మంట తెలియకపోవచ్చు, కానీ లోపలికి దిగి కణజాలాన్ని దెబ్బతీస్తుంది. అందుకే ఎచింగ్ బల్ల దగ్గర కాల్షియం గ్లూకోనేట్ జెల్ సిద్ధంగా ఉంచుతారు. కొత్త ల్యాబ్‌లో చేరిన రోజే అది ఎక్కడుందో అడిగి తెలుసుకోండి.

ఫర్నేస్ విభాగంతోనూ రోజూ పని పడుతుంది. విడిభాగాలతో పాటు అదే హీట్ నంబర్ లోహంతో చేసిన కూపన్‌ను, అంటే నమూనా ముక్కను, ఫర్నేస్‌లో పెట్టి, దాన్ని పరీక్షిస్తారు. అన్నం ఉడికిందో లేదో మెతుకు పట్టి చూసినట్టే. కాకపోతే ఆ మెతుకు అదే కుండలోదని రుజువు చూపాలి. ఫర్నేస్ ఉష్ణోగ్రతకు ఏఎంఎస్ 2750 ప్రమాణం ఉంది. దాని ప్రకారం క్లాస్ 2 ఫర్నేస్‌లో పనిచేసే చోటంతా తేడా 6 డిగ్రీల సెల్సియస్‌కు మించి అటూ ఇటూ పోకూడదు. థర్మోకపుల్ ఎప్పుడు మార్చారు, సర్వే ఎప్పుడు చేశారు అన్నవన్నీ రికార్డులో ఉండాలి.

ఇంత పట్టుదల ఎందుకు?

1989 జులై 19న అమెరికాలో యునైటెడ్ ఎయిర్‌లైన్స్ 232 విమానం సూ సిటీలో కూలింది. విమానంలో ఉన్న 296 మందిలో 112 మంది చనిపోయారు. తోక దగ్గరి ఇంజిన్‌లో టైటానియం ఫ్యాన్ డిస్క్ గాలిలోనే పగిలి, హైడ్రాలిక్ వ్యవస్థలు మూడింటినీ దెబ్బతీసింది. టైటానియాన్ని కరిగించేటప్పుడే నైట్రోజన్ ఎక్కువై ఏర్పడిన చిన్న గట్టి లోపం దగ్గర ఫెటీగ్ పగులు మొదలైందని దర్యాప్తులో తేలింది. ఆ డిస్క్ 1972 నుంచి వాడుకలో ఉంది. పెరుగుతున్న పగులును మధ్యలో జరిగిన తనిఖీలు పట్టుకోలేకపోయాయి.

హీట్ ట్రీట్‌మెంట్, వెల్డింగ్, ప్లేటింగ్ వంటి పనులను ఈ రంగంలో స్పెషల్ ప్రాసెస్‌లు అంటారు. తయారైన భాగాన్ని పైపైన చూస్తే పని సరిగా జరిగిందో లేదో తెలియదు కాబట్టి, పని జరిగిన తీరునే అదుపులో పెట్టాలి. అధిక బలమున్న ఉక్కుకు కాడ్మియం ప్లేటింగ్ చేసినప్పుడు హైడ్రోజన్ లోపలికి చేరి దాన్ని పెళుసు చేస్తుంది. అందుకే చాలా స్పెసిఫికేషన్లు ప్లేటింగ్ అయిన 4 గంటల్లోపు ఓవెన్‌లో పెట్టి, 190 డిగ్రీల దగ్గర దాదాపు ఒక రోజంతా బేకింగ్ చేయమంటాయి. ఆలస్యమైతే పైకి ఏమీ కనిపించదు. ఇలాంటి పనుల ఆడిట్ కోసమే 1990లో నాడ్‌క్యాప్ గుర్తింపు విధానం మొదలైంది. ఆడిటర్ మీ పక్కన నిలబడి, మీరు పరీక్ష చేసే తీరును ప్రమాణంలోని వాక్యాలతో పోల్చి చూస్తారు.

అసలు పరీక్ష మీకే

నెలాఖరు. సరుకు పంపాల్సిన రోజు. టెన్సైల్ ఫలితం కావాల్సినదానికి కాస్త తక్కువ వచ్చింది. ప్రొడక్షన్ మేనేజర్ ఫోన్ మీద ఫోన్. ఇలాంటప్పుడు మెటలర్జిస్ట్ ముందున్న దారులు కొన్నే. నాన్ కన్ఫార్మెన్స్ రిపోర్టు రాసి లాటును హోల్డ్‌లో పెట్టాలి. ప్రమాణం అనుమతిస్తేనే మళ్లీ పరీక్ష చేయాలి. స్పెసిఫికేషన్ ఒప్పుకుంటే మళ్లీ హీట్ ట్రీట్‌మెంట్ చేయించాలి. కస్టమర్‌కు ఉన్నదున్నట్టు చెప్పి నిర్ణయం అడగాలి. అవేవీ కుదరకపోతే స్క్రాప్. మంచి అంకె వచ్చేదాకా ముక్కలు లాగుతూ, చివరిదొక్కటే రాయడం ఆ దారుల్లో లేదు. మొహమాటానికి సంతకం పెట్టే స్వభావముంటే ఈ కొలువు మీకు సరిపడదు.

ఎక్కడ అవకాశాలు?

మనకు దగ్గరలోనే హైదరాబాద్ ఉంది. కంచన్‌బాగ్‌లో డీఆర్‌డీఓ ల్యాబ్ డీఎంఆర్‌ఎల్, 1973లో ఏర్పాటైన మిధాని ఉన్నాయి. టైటానియం, సూపర్ అల్లాయ్‌లు, రాకెట్ మోటార్లకు వాడే మారేజింగ్ స్టీల్ మిధానిలో తయారవుతాయి. బాలాపూర్‌లో ఏఆర్‌సీఐ ఉంది. ఆదిభట్లలో అపాచీ హెలికాప్టర్ల ఫ్యూజలాజ్‌లు చేసే టాటా బోయింగ్, సీ-130జే విమానం తోక భాగాలు చేసే టాటా లాక్‌హీడ్ మార్టిన్ ఉన్నాయి. తెలుగు రాష్ట్రాల బయట బెంగళూరులో హెచ్‌ఏఎల్ ఫౌండ్రీ అండ్ ఫోర్జ్, ఒడిశాలోని కోరాపుట్‌లో హెచ్‌ఏఎల్ ఇంజిన్ డివిజన్. వీటికి సరఫరా చేసే చిన్న పరిశ్రమలు, ఎన్‌ఏబీఎల్ గుర్తింపున్న ప్రైవేటు టెస్టింగ్ ల్యాబ్‌లు కూడా ఉన్నాయి. ఫ్రెషర్‌కు తొలి అడుగు తరచూ అక్కడే పడుతుంది.

అమెరికాలో ఎంఎస్ చేసి అక్కడి విమాన సంస్థల్లో చేరాలనుకునేవారు ముందే ఒకటి తెలుసుకోవాలి. రక్షణ సంబంధ పనులకు ఐటార్ అనే ఆయుధ ఎగుమతి నిబంధనల వల్ల పౌరసత్వమో గ్రీన్ కార్డో అడిగే ఉద్యోగాలు చాలా ఉంటాయి.

ఏం చదవాలి?

సూటి దారి బీటెక్ మెటలర్జీ. వరంగల్ ఎన్‌ఐటీ, ఐఐటీ హైదరాబాద్, జేఎన్‌టీయూ హైదరాబాద్, ఆంధ్రా యూనివర్సిటీ, బాసర, నూజివీడు ట్రిపుల్ ఐటీల్లో ఈ బ్రాంచి ఉంది. మెకానికల్ చదివినవారు ఎంటెక్‌లో మెటీరియల్స్ తీసుకుని రావచ్చు. గేట్‌లో మెటలర్జీ పేపర్ కోడ్ ఎంటీ, స్కోరు 3 ఏళ్లు చెల్లుతుంది. డీఆర్‌డీఓ సైంటిస్ట్ ‘బి’ నియామకాలకు, బార్క్ శిక్షణకు గేట్ స్కోరు పనికొస్తుంది. బీఎస్సీ కెమిస్ట్రీ వారికి రసాయన విశ్లేషణ, డిప్లొమా వారికి శాంపిల్ తయారీ, ఎన్‌డీటీ (భాగాన్ని పాడుచేయకుండా చేసే పరీక్షలు) విభాగాలు తలుపు తెరుస్తాయి. ఎన్‌డీటీ వైపు వెళ్తే ఏటా దగ్గరి చూపు పరీక్ష నెగ్గాలి.

జీతం దగ్గర ముందే స్పష్టత ఉండాలి. ప్రైవేటు ల్యాబ్‌లో మొదటి ఒకటి రెండేళ్లు సాఫ్ట్‌వేర్ స్నేహితుడి జీతంతో పోల్చుకుంటే నిరాశే. షిఫ్టులూ ఉంటాయి. అనుభవంతో పాటు నాడ్‌క్యాప్ ఆడిట్లు ఎదుర్కొన్న చరిత్ర, ఫెయిల్యూర్ అనాలిసిస్ నైపుణ్యం తోడైతే స్పెషల్ ప్రాసెస్ ఇంజినీర్, ల్యాబ్ హెడ్, ఆడిటర్ స్థాయిలకు దారి ఉంటుంది.

ఇంటర్వ్యూలో

‘‘హార్డ్‌నెస్ సరిపోయింది, ఇంకా అనుమానం ఎందుకు?’’ అని అడగవచ్చు. హీట్ ట్రీట్‌మెంట్‌లో భాగమైన ఏజింగ్‌లో హార్డ్‌నెస్ ఒక శిఖరం దాకా పెరిగి మళ్లీ తగ్గుతుంది కాబట్టి, ఒకే అంకె శిఖరానికి అటూ ఇటూ రెండు చోట్ల రావచ్చని వివరించండి. ‘‘మైక్రోస్కోప్‌లో కనిపించేది గీతా, పగులా?’’ అన్నది మరో ప్రశ్న. మళ్లీ పాలిష్ చేసి చూస్తానని, గీత పోతుందని, పగులు నిలుస్తుందని చెప్పగలిగితే మీరు చేత్తో పని చేశారని వారికి అర్థమవుతుంది.

ఈ సెమిస్టర్‌లోనే

మెకానిక్ షాపులో విరిగిన బోల్టు ఒకటి అడిగి తెచ్చుకోండి. విరిగిన ముఖాన్ని ముందు ఫొటో తీయండి. ఫ్యాకల్టీ పర్యవేక్షణలో కోసి, పాలిష్ చేసి, ఎచింగ్ చేసి, హార్డ్‌నెస్ కొలవండి. వాడిన కాగితం గ్రేడు, ద్రావణం, లోడు సహా రెండు పేజీల రిపోర్టు రాసి సంతకం పెట్టండి. దాన్ని తోటి విద్యార్థికిచ్చి, మిమ్మల్ని ఏమీ అడగకుండా అదే పరీక్ష చేయమనండి. అతని ఫలితం మీదానితో కలిస్తే ఆ రిపోర్టును రెజ్యుమేకు జత చేయండి. కలవకపోతే, రాయకుండా వదిలేసిందేమిటో వెతికి మళ్లీ రాయండి.