కలిసి నేర్చుకుంటే కలిగే మేలు

జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతాల బడుల్లో పనిచేసిన మాకు ఏటా కనిపించే విషయం ఒకటుంది. ఇంట్లో ఉర్దూ మాట్లాడి, బడిలో తెలుగులో చదివే పిల్లల్లో తెలివైనవారు చాలామంది ఉన్నారు. అయినా తప్పు పలికితే నవ్వుతారన్న భయంతో తరగతిలో నోరు విప్పరు. ప్రశ్న అడిగితే ముందు బల్లల్లోని నలుగురే చేతులెత్తుతారు.

దీనికి ఒక మార్గం సహకార అభ్యసనం. 2011 రాష్ట్ర విద్యా ప్రణాళిక తర్వాత మన పాఠ్యపుస్తకాల్లో బృంద చర్చలు వచ్చాయి. అయితే పిల్లలను గుంపుగా కూర్చోబెట్టినంత మాత్రాన సహకారం రాదు.

1971లో అమెరికాలోని ఆస్టిన్ నగర పాఠశాలల్లో నల్ల, తెల్ల, మెక్సికన్ సంతతి పిల్లలు ఒకే తరగతిలో చేరినప్పుడు గొడవలు వచ్చాయి. అప్పుడు ఇలియట్ ఆరన్సన్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 'జిగ్‌సా' పద్ధతిని రూపొందించారు. పాఠాన్ని భాగాలు చేసి తలా ఒకటి ఇస్తారు. మిగతా భాగాలు తోటివారు చెబితేనే తెలుస్తాయి. కనుక ఎవరినీ చిన్నచూపు చూడడానికి వీలుండదు.

పదో తరగతి జీవశాస్త్రంలో రక్త ప్రసరణ గురించిన భాగమే తీసుకుందాం. 40 మందిని ఐదుగురు చొప్పున 8 బృందాలు చేయాలి. గుండె నిర్మాణం, ధమనులు–సిరలు, రక్తకణాలు, రక్తం గడ్డకట్టడం, రక్తపోటు – బృందంలో ఒక్కొక్కరికి ఒక్కో అంశం. ఒకే అంశం వచ్చినవారు ముందు ఒకచోట కూడి చర్చించుకోవాలి. వారి సందేహాలు అక్కడే తీర్చాలి. ఆపైన సొంత బృందానికి వెళ్లి బోధించాలి. చివరి పరీక్ష మాత్రం ఎవరికి వారే రాయాలి.

మొదట్లో మేము బృందమంతటికీ ఒకే మార్కు ఇచ్చి పొరపాటు చేశాం. చురుకైనవారే చార్టు రాసేశారు, మిగతావారు చూస్తూ కూర్చున్నారు. మిన్నెసోటా విశ్వవిద్యాలయ ఆచార్యులు డేవిడ్ జాన్సన్, రోజర్ జాన్సన్ చెప్పిన షరతులు అప్పుడు మాకు బోధపడ్డాయి: ఒకరి అవసరం మరొకరికి ఉండాలి, ఎవరి బాధ్యత వారికి ఉండాలి. పద్ధతి మార్చాం. అంతవరకు పెదవి విప్పని ఒక అమ్మాయికి రక్తపోటు అంశం వచ్చింది. వాళ్ల దాదీ రోజూ వేసుకునే బీపీ మాత్రతో మొదలుపెట్టి, సగం ఉర్దూలో, సగం తెలుగులో చెప్పింది. పరీక్షలో ఆ ప్రశ్న ఆ బృందంలో ఎవరూ తప్పలేదు.

దాతలారా! మీ జకాత్, సదకాలతో మన పిల్లలకు ఫీజులు, నోటు పుస్తకాలు అందుతున్నాయి. మరో చిన్న విన్నపం. సాయంత్రం ఉచిత ట్యూషన్లు నడిపేచోట చాపలు వరుసగా కాక, ఐదుగురు ఎదురెదురుగా కూర్చునేలా పరిపించండి. బృందానికో చిన్న నల్లబల్ల ఇప్పించండి. ఖర్చు కొద్దిదే. మాట్లాడని బిడ్డకు మాట్లాడే వంతు వస్తుంది.