బండి జ్వరం చెప్పే చిన్న ముక్క

గిద్దలూరు దగ్గర ఒక పల్లె. ఆ ఊళ్లో ఒక కుటుంబానికి పాత డీజిలు కారు ఉంది. మరిది దాన్ని బాడుగకు తిప్పుతాడు. గిద్దలూరుకు, మార్కాపురానికి, నల్లమల ఘాటు దాటి నంద్యాలకు పోయి వస్తుంటాడు. ఆ బాడుగ మీదనే ఇల్లు గడుస్తుంది.

వదిన నిరుడు చదువుల కేంద్రంలో చేరింది. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దింది. ఇప్పుడు కూడబలుక్కుని చదవగలదు.

ఒకరోజు కారులో పసుపు దీపం వెలిగింది. దాని మీద ఇంజను బొమ్మ ఉంది. పొద్దున్నే బండి ఒక పట్టాన స్టార్టు కాలేదు. డీజిలు ఎక్కువ తాగుతోంది. ఇంజను చల్లగా ఉన్నా ఫ్యాను ఆగకుండా తిరుగుతోంది.

"దీపం మీద టేపు అంటిస్తే సరిపోద్ది వదినా" అన్నాడు మరిది.

"బిడ్డకు ఒళ్లు కాలుతుంటే దుప్పటి కప్పి దాస్తామా అబ్బాయ్? ఎల్లుండి పక్కింటి పిల్లను కాన్పుకు మార్కాపురం తీసుకుపోవాల. దోవలో బండి ఆగితే ఎట్లా?" అంది వదిన.

మరిది బండిని గిద్దలూరులో మెకానిక్కుకు చూపించాడు. అతను మిషను పెట్టి చూసి, ఒక చీటీ రాసిచ్చాడు. "నాకు రెండు రోజులు ఖాళీ లేదు. పని చిన్నదే, మీరే చేసుకోవచ్చు" అన్నాడు. వదిన చీటీ చదివింది. "పి 0118. వేడి చెప్పే సెన్సరు" అని ఉంది.

ఏమిటీ సెన్సరు?

ఇంజను చుట్టూ కూలెంటు అనే నీళ్లు తిరుగుతాయి. ఆ నీళ్లు ఎంత వేడిగా ఉన్నాయో సెన్సరు కనిపెడుతుంది. వేడి పెరిగితే దానిలో కరెంటు సులువుగా పారుతుంది. చల్లబడితే కష్టంగా పారుతుంది. దాన్నిబట్టి బండిలోని కంప్యూటరు పెట్టె ఎంత డీజిలు పోయాలో, ఫ్యాను ఎప్పుడు తిప్పాలో చూసుకుంటుంది. సెన్సరు చెడినా, తీగ తెగినా కంప్యూటరుకు నిజం తెలియదు. పి 0118 అంటే తీగో సెన్సరో తెగినట్టు కబురు వస్తోందని గుర్తు.

పసుపు దీపం వెలిగితే త్వరగా చూపించుకోవాలి. వేడి ముల్లు ఎర్రగీత మీదకు పోయినా, వేడి గుర్తు ఎర్రగా వెలిగినా బండిని వెంటనే పక్కకు ఆపాలి.

ముందు జాగ్రత్తలు

ఇంజను పూర్తిగా చల్లారాలి. తెల్లవారుజామున చేయడం మంచిది. వేడిగా ఉన్నప్పుడు రేడియేటరు మూత తీస్తే మరిగే నీళ్లు ముఖాన చిమ్ముతాయి.

కొంగు బిగించాలి. జడ ముడి వేసుకోవాలి. గాజులు పైకి తోసుకోవాలి. కొన్ని బండ్లలో ఇంజను ఆపినా ఫ్యాను దానంతట అదే తిరుగుతుంది.

కూలెంటు విషం. తియ్యగా ఉంటుంది. పిల్లలకు, కుక్కలకు, మేకలకు అందనీయకూడదు.

మార్చే పద్ధతి

1. బండిని చదును నేల మీద ఆపారు. చేతి బ్రేకు వేసి, తాళం చెవి తీశారు. బ్యాటరీకి మైనస్ గుర్తు ఉన్న తీగను విప్పారు.

2. సెన్సరును వెతికారు. చాలా బండ్లలో రేడియేటరు పై గొట్టం ఇంజనును కలిసే చోట ఉంటుంది.

3. ముందు తీగలు చూశారు. ఎలుకలు కొరకలేదు. ప్లగ్గులో చిలుము లేదు. దుమ్ము తుడిచి, మళ్లీ పెట్టి చూశారు. స్టార్టు చేయగానే ఫ్యాను తిరిగింది. లోపం సెన్సరుదే అనుకున్నారు. ఇంజను ఆపి చల్లారనిచ్చారు. బ్యాటరీ తీగను మళ్లీ విప్పారు.

4. ప్లగ్గు కొక్కెం నొక్కి ఊడదీశారు. తీగను పట్టుకుని లాగలేదు. కింద బేసిను పెట్టి, పానాతో సెన్సరు విప్పారు. ఆ రంధ్రానికి శుభ్రమైన గుడ్డ అడ్డం పెట్టారు.

5. పాత సెన్సరు తీసుకుని వదిన కూడా దుకాణానికి పోయింది. దుకాణదారు ఒక డబ్బా ఇచ్చాడు. మరిది డబ్బు తీయబోయాడు.

"ఆగబ్బాయ్" అంది వదిన. పాతదాని మీది అంకెలు ఒక్కొక్కటే వేలు పెట్టి చదివింది. డబ్బా మీదివీ చదివింది. "దీని చివర 8 ఉంది. మనదాని చివర 3."

దుకాణదారు చూసి నాలుక కరుచుకున్నాడు. వేరే డబ్బా తెచ్చాడు. ఈసారి అంకెలన్నీ కలిశాయి.

6. గుడ్డ తీసేసి, కొత్త వాషరుతో సెన్సరును ముందు చేత్తోనే తిప్పి ఎక్కించారు. తర్వాత పానాతో ఓ మోస్తరుగా బిగించారు. మరీ బిగిస్తే మర చెడిపోతుంది.

7. ప్లగ్గు టక్కుమనేదాకా నొక్కారు. బ్యాటరీ తీగ బిగించారు. తగ్గినంత కూలెంటు పోశారు. బోరు నీళ్లు పోయలేదు. మన పడమటి ఊళ్ల బోరు నీళ్లలో ఉప్పులు ఎక్కువ. నీళ్లు కాచే బిందెలో తెల్లగా గార కట్టినట్టే రేడియేటరులోనూ కడుతుంది.

8. బండి స్టార్టు చేశారు. ఎక్కడా నీళ్లు కారలేదు. ఫ్యాను ఊరకే ఉంది. వేడెక్కాక తిరిగింది, మళ్లీ ఆగింది. చల్లారాక కూలెంటు మట్టం మళ్లీ చూసుకున్నారు.

పసుపు దీపం కొన్ని బండ్లలో నాలుగైదు సార్లు నడిపాక ఆరుతుంది. ఆరకపోతే మెకానిక్కుకు చూపించాలి.

ఎల్లుండి తెల్లవారకముందే పక్కింటి పిల్లకు నొప్పులు మొదలయ్యాయి. తాళం తిప్పగానే బండి కదిలింది. వదిన ముందు సీట్లో కూర్చుంది. దోవ పొడుగునా వేడి ముల్లును చూస్తూనే ఉంది. ముల్లు నడిమధ్యలో నిలబడింది. పొద్దు పొడిచేసరికి మార్కాపురం ఆసుపత్రి చేరారు.

ఆలోచించండి – చెప్పండి

1. వేడి ఇంజను మీద రేడియేటరు మూత ఎందుకు తీయకూడదు?
2. వదిన అంకెలు చదవకపోతే ఏం జరిగేది?
3. మీ ఇంట్లో మందు సీసా, ఎరువు సంచి, గ్యాసు బండ మీద ఏ అంకెలు ఉన్నాయి? చదివి పలక మీద రాయండి.