గరిక పచ్చిక

ప్రతిదినమును మన పాదముల క్రింద నలుగుచుండియు మన గౌరవమునకు నోచుకొనని మొక్క గరిక. బాటల ప్రక్కలను, పొలముల గట్లమీదను, చెరువు కట్టలమీదను ఎవ్వరును నాటకయే ఇది పెరుగుచుండును. సంస్కృతమున దీనిని దూర్వ యందురు. వినాయక చవితినాడు పూజకై దీనిని కోసి తెత్తురు. పొలములో ఇది కలుపుమొక్క; తోటలో ఇదియే సొగసైన పచ్చిక. ఒక్క మొక్కకే ఈ రెండు పేరులు ఎట్లు వచ్చెనో తెలిసికొందము.

గరిక కాడ నేలమీద ప్రాకుచు పోవును. కణుపు మట్టిని తాకినచోట క్రిందికి వేళ్లును, పైకి ఆకులును పుట్టును. భూమిలోపల కూడ మరికొన్ని కాడలు ప్రాకుచుండును. రైతు నాగలితో దున్ని దీనిని ముక్కలు చేసినకొలది, కణుపుగల ముక్కలు క్రొత్త మొక్కలగును. రైతునకు విసుగు పుట్టించు ఈ గుణమే తోటమాలికి వరము. అంతేకాక, గడ్డి ఆకు కొననుండి గాక మొదటినుండి పెరుగును. అందుచేతనే పశువులు మేసినను, మనము కోసినను, అది మరల లేచును.

పచ్చిక పెంచుటకు ఎండ తగులు చోటును ఎన్నుకొనవలెను. చెట్టునీడను గరిక పలుచబడిపోవును. నేలను ఒక అడుగు లోతున త్రవ్వి, రాళ్లను, తుంగగడ్డలను ఏరివేసి, కొన్నిదినములు ఎండనీయవలెను. పిమ్మట బాగుగా చివికిన పశువుల ఎరువును కలిపి, నీరు నిలువకుండునట్లు కొద్దిపాటి వాలుతో చదును చేయవలెను. ఒకసారి తడిపినచో మిగిలిన కలుపు విత్తులు మొలచును. వానిని పెరికివేసిన పిదపనే గరికను నాటవలెను. ఈ పనిలో తొందర తగదు. ఇప్పుడు శ్రమకు వెనుదీసినవాడు ఏడాది పొడవునను కలుపు తీయవలసివచ్చును.

తొలకరి వానలు నాటుటకు అనువైన కాలము. రెండు మూడు కణుపులుగల కాడలను 3 లేక 4 అంగుళముల ఎడముతో, ఒక కణుపైనను మట్టిలో నుండునట్లు నాటి, మన్ను అదిమి తడుపవలెను. వేళ్లు పట్టువరకు తడి ఆరనీయరాదు.

గడ్డి 2 అంగుళములకు మించి పెరిగినపుడు కోత మొదలిడవచ్చును. కాని ఒక్కమారు ఎత్తులో మూడవవంతుకంటె ఎక్కువ కోయరాదు. ఏలయన ఆకే మొక్కకు వంటశాల. తుంగ మొలచినచో పై ఆకును త్రుంచినంతమాత్రమున ఫలము లేదు. అడుగుననున్న గడ్డతోసహా త్రవ్వి తీయవలెను. పూలమడులలోనికి గరిక చొరబడకుండ అంచున జానెడు లోతు కాలువ త్రవ్వి, దానిని దాటిన కాడలను ఎప్పటికప్పుడు త్రెంచుచుండవలెను.

దినదినమును పైపైన నీరు చిలకరించినచో వేళ్లు పైననే నిలిచిపోవును. అప్పుడప్పుడు లోతుగా తడిపినచో అవి లోతునకు దిగి ఎండకు ఓర్చుకొనును. ఇచట మనము మరువరాని ధర్మ మొకటి కలదు. వేసవిలో బావులు ఎండి, స్త్రీలు బిందెలతో దూరము నడచు ఊళ్లు మనకు కలవు. త్రాగునీటికి కరవైనచోట పచ్చికకు నీరు పోయుట అందము కాదు, అవివేకము. కూరలు కడిగిన నీరు దొరకినచో దానిని పోయవచ్చును. అదియు లేనిచో గరికను ఎండనీయవచ్చును. ఆకులు గోధుమవన్నెకు తిరిగినంతమాత్రమున అది చావలేదు. నేలలోని కాడలలో ప్రాణము నిలిచియుండును. వానలు కురియగనే మరల పచ్చదనము పైకి వచ్చును.

విద్యార్థులారా! గరిక కంటికి ఇంపు నిచ్చుటతో తృప్తి నొందదు. వాన చినుకుల దెబ్బకు మన్ను చెదరకుండ ఆకులతో కప్పును. గట్టు కొట్టుకొనిపోకుండ వేళ్లతో పట్టియుంచును. పెద్ద చెట్టు నాటుటకు చోటులేని ఇంటి ముంగిట నైనను చాపెడు పచ్చిక పెంచవచ్చును. ఒక్క పోచకు బలము లేదు. వేల పోచలు వేళ్లు పెనవేసికొని నిలిచినపుడు నేలయే నిలుచును.