నలుగురికీ చూపించు, బ్రష్షు మాత్రం ఇవ్వకు

అమ్మడూ,

నువ్వు వేసిన నాయనమ్మ బొమ్మ చూసి నలుగురూ నాలుగు రకాలుగా అన్నారు కాబట్టి ఇక ఎవరి మాటా విననని నువ్వు తేల్చేసుకోవడం నాకేం నచ్చలేదు. ఒకళ్లు చూపు గుచ్చుతోందన్నారు, ఒకళ్లు ముఖం నాయనమ్మ వయసుకి తగ్గట్టు లేదన్నారు, ఇంకో అబ్బాయి కింద రెప్పలు నల్లబడ్డాయన్నాడు. వీటికి ఒకదానితో ఒకటి పొంతనే లేదని రాశావు. నువ్వు పంపిన ఫోటో పెద్దది చేసి చూశాను. ముగ్గురూ చెప్పింది ఒకే చోటు గురించి. కనుగుడ్డు తెలుపుని ట్యూబులోంచి తీసింది తీసినట్టే పెట్టేశావు. కనుగుడ్డు గుండ్రంగా ఉంటుంది, పై రెప్ప నీడ దాని మీద పడుతుంది, అంత వయసులో ఆ తెలుపు పసుపూ బూడిదా కలిసిన రంగులోకి తిరుగుతుంది. దాన్ని తెల్లగా వేసేసరికి చూపు పదునెక్కింది, వయసు తగ్గిపోయింది, పక్కనున్న రెప్ప నల్లగా కనబడుతోంది. తప్పు ఒక్కటే, ఫిర్యాదులు మూడు.

తోటి చిత్రకారులు ‘ఇక్కడ ఏదో కుదరలేదు’ అన్నప్పుడు ఆ చోటుని నమ్ము. ఎందుకు కుదరలేదో వాళ్లు చెప్పే కారణాన్ని సగమే నమ్ము. ఎలా దిద్దాలో చెప్పేది మాత్రం విని ఊరుకో, అది వాళ్ల బొమ్మకి పనికొచ్చే సలహా. ముక్కు పెద్దదైందన్న అమ్మాయి ముక్కు పక్కన నీడ పెంచమంది కదా? నీడ పెంచితే ముక్కు ఇంకా ముందుకొస్తుంది. అసలు కారణం నీ ఫోన్. మొహానికి దగ్గరగా పెట్టి తీసిన ఫోటో చూసి గీశావు. అంత దగ్గర నుంచి తీస్తే ముక్కు ఉబ్బుతుంది, చెవులు వెనక్కి పోతాయి. మా అమ్మ ముక్కు నాకు తెలియదా! కానీ ఆ అమ్మాయి ఆవిడని ఎన్నడూ చూడలేదు, అయినా పట్టేసింది చూడు. తోటివాళ్ల కన్నుతో వచ్చే లాభం ఇదే. ఇంట్లోవాళ్లు బొమ్మలో మనిషిని వెతుక్కుంటారు, వాళ్లకి కాన్వాసు కనబడదు. నీ స్నేహితులకి మనిషి తెలియదు కాబట్టి వెలుగూ రంగూ రూపమే కనబడతాయి. పోలిక గురించి మమ్మల్ని అడుగు, బొమ్మ గురించి వాళ్లని అడుగు.

ఇక చివర్లో తేలిగ్గా రాసేసిన సంగతి. మీ సీనియర్ నీ చేతిలోంచి బ్రష్షు తీసుకుని ఎడమ చెంప దిద్దాడనీ, ‘సూపర్‌గా వచ్చింది పెదనాన్నా’ అనీ. అది చదివి నాకు కోపం వచ్చింది. అతని మీద కాదు, ఇచ్చినందుకు నీ మీద.

ఫ్రెంచి చిత్రకారిణి బెర్త్ మోరిసో సంగతి నీకు చెప్పే ఉంటాను, మళ్లీ విను. 1870లో పారిస్ సలోన్ ప్రదర్శనకి పంపాలని ఆవిడ తన తల్లినీ అక్కనీ కలిపి ఒక బొమ్మ వేసింది. తల్లి నల్ల బట్టల్లో పుస్తకం చదువుకుంటూ ఉంటుంది, అక్క ఎడ్మా తెల్ల బట్టల్లో పక్కన కూర్చుని ఉంటుంది. ఎడ్మా కూడా మంచి చిత్రకారిణే, పెళ్లితో బ్రష్షు పక్కన పెట్టేసింది. బెర్త్‌కి బొమ్మ మీద అనుమానం. చిత్రకారుడు పువీ ద షావాన్ చూసి తల కుదరలేదంటే కంగారుపడి దాన్ని మళ్లీ వేసింది. అయినా నమ్మకం చిక్కక ఇంకో చిత్రకారుడు మానే దగ్గరికి వెళ్లింది. ఆయన ఇంటికొచ్చి చూసి, గౌను కింది భాగం తప్ప అంతా బాగుందన్నాడు. అని ఊరుకుంటే సరిపోయేది. బ్రష్షు తీసుకుని గౌను మీద రెండు మెరుపులు పెట్టాడు. గౌను నుంచి రవికెకి, రవిక నుంచి తలకి, తల నుంచి వెనక గోడకి వెళ్లాడు. జోకులేస్తూ, నవ్వుతూ సాయంత్రం దాకా ఆగలేదు. బొమ్మ తీసుకెళ్లడానికి బండి వచ్చేసింది. పంపక తప్పలేదు. సలోన్ వాళ్లు దాన్ని తిప్పికొడితే బాగుండునన్నదే తన ఆశ అని ఆవిడ ఎడ్మాకి ఉత్తరం రాసింది. ఎంత నలిగిపోతే అలా రాస్తుంది! వాళ్లు తీసుకున్నారు.

ఆ బొమ్మ ఇప్పుడు వాషింగ్టన్ నేషనల్ గ్యాలరీలో ఉంది. పుస్తకాల్లో అచ్చయినదాన్ని చూసినా తేడా తెలుస్తుంది. అక్క వైపు సన్నటి, తేలికైన పని. తల్లి నల్ల బట్టల మీద వెడల్పాటి, ధాటీ గల గీతలు. అవి చెడ్డ గీతలు కావు, మంచి మానే గీతలు. అక్కడే వచ్చింది చిక్కంతా. ఆవిడ మానేతో స్నేహం చెడగొట్టుకోలేదు, 1874లో ఆయన తమ్ముడు యూజీన్‌నే పెళ్లాడింది. కానీ అదే ఏడు ఇంప్రెషనిస్టుల మొదటి ప్రదర్శన జరిగితే, మానే దూరంగా ఉండిపోయినా తను మాత్రం బొమ్మలు పెట్టింది. నువ్వు కూడా మీ సీనియర్‌తో గొడవ పడకు. నీ చెంప నువ్వు వేసుకో, అంతే.

రంగు ఇంకా పచ్చిగా ఉంటే ప్యాలెట్ నైఫ్‌తో గీకి, టర్పెంటైన్ గుడ్డతో తుడిచెయ్. ఆరిపోతే దాని మీదే వెయ్యి, లిన్సీడ్ ఆయిల్ కింది పొర కన్నా కాస్త ఎక్కువ పడాలని నీకు తెలుసుగా. ‘సున్నం కొట్టినట్టుంది’ అన్నవాళ్లది నూరుపాళ్లూ నిజం. వెలుగు కావాల్సిన ప్రతిచోటా తెలుపు కలిపావు. నాయనమ్మది చామనఛాయ. ఆ ఒంటి మీద వెలుగు ఎల్లో ఓకర్‌తో, కొంచెం ఎరుపుతో పైకి రావాలి. తెలుపుని నుదుటికీ ముక్కు కొనకీ దాచుకో. అక్కడ కూడా కిటికీలోంచి ఆకాశం పడుతోంది కాబట్టి రవ్వంత నీలం సోకనివ్వు. ఎవరూ అనని మాట ఒకటి నేనంటాను: ముక్కుపుడక మెరుపు తగ్గించు. మనిషి కన్నా ముందు అదే కనబడుతోంది.

ఇంకోసారి చూపించేటప్పుడు ‘ఎలా ఉంది?’ అని అడగకు, ‘బాగుంది’ అనేసి వెళ్లిపోతారు. ‘నీ కన్ను ముందు ఎక్కడికి పోయింది?’ అని అడుగు. అడిగాక నోరు మెదపకు. ‘అది కాదు, అక్కడ నేనేమనుకున్నానంటే’ అని నువ్వు మొదలుపెట్టావో, వాళ్లు నీ మనసు నొప్పించకుండా మాట్లాడటం మొదలుపెడతారు, ఇక వినడానికి ఏమీ మిగలదు. పెద్ద పెద్ద వెలుగునీడలు పెట్టగానే చూపించు, కనురెప్పల వెంట్రుకలు వేశాక కాదు. అప్పటికి వాటి మీద ప్రేమ పుట్టి చెరపలేవు. వాళ్లకి చూపించే ముందు బొమ్మని అద్దంలో చూసుకో. ఎడమ కుడి తారుమారైతే మన బొమ్మ పరాయివాళ్లు వేసినట్టు కనబడుతుందని లియొనార్డో ఏనాడో రాసిపెట్టాడు. కనుబొమ్మ ఒకటి దిగిందని అద్దమే చెప్పేదానికి స్నేహితుల కన్నెందుకు వాడుకోవడం?

మళ్లీ కూర్చుంటానని నాయనమ్మ మాటిచ్చింది. దసరాకి కాన్వాసుతో రా. పొద్దున్న కిటికీ వెలుగులోనే కూర్చోబెడదాం, ఫోటో చూసి దిద్దడానికి వీల్లేదు. ఆ ఎడమ చెంప మాత్రం గీకేసే తీసుకురా.

ఆశీస్సులతో,
పెదనాన్న