పిలిస్తే పలికే పేర్లు

తిరుత్తణి తాలూకాలో ఎక్కువ భాగం 1960 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా నుంచి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చింది. మధ్యవర్తిగా వచ్చిన పటాస్కర్ ఒక్కో ఊరిలో ఏ భాషవాళ్లు ఎక్కువో చూసి హద్దు తేల్చారు. తలల లెక్క ఎంత పని చేస్తుందో ఈ నేల మీది తెలుగువాళ్లకు తెలుసు. తెలుగు బడికో, చెరువు పూడికకో ఇప్పుడు ఆన్‌లైన్‌లో అర్జీలు పెడుతున్న మా పిల్లలకు, ఎన్నో ఏళ్లు మహజర్లు రాసినవాడిగా నేను చెప్పేవి ఇవి.

1. రేషన్ కార్డు ముందు పెట్టుకుని ఇంటిల్లిపాది పేర్లూ ఎక్కించకండి. చెన్నైలో ఉద్యోగం చేసే కొడుకు పేరు తండ్రి ఇచ్చినా సరే, ఆ అబ్బాయినే అడగండి.

2. హద్దుకు అవతల, ఆంధ్రలోని నగరి వైపు ఒకసారి చూడండి. 2019 ఎన్నికల ముందు ఆంధ్రప్రదేశ్‌లో ఓటర్ల జాబితా నుంచి పేర్లు తీసేయమంటూ ఫారం 7 దరఖాస్తులు ఆన్‌లైన్‌లో లక్షల్లో వచ్చిపడ్డాయి. తమ పేరుతో దరఖాస్తు వెళ్లిందని తెలియనివాళ్లు ఎందరో. పోలీసు కేసులు పెట్టాల్సి వచ్చింది. దరఖాస్తు అందినంత మాత్రాన పేరు కొట్టేయకూడదు, అధికారి ఇంటికి వెళ్లి విచారించాలి అన్న నియమం ఉండబట్టి ఎన్నో ఓట్లు నిలిచాయి. మీ అర్జీకీ అలాంటి విచారణ ఉండాలి. జాబితాలో అక్కడొక పేరు, ఇక్కడొక పేరు ఎంచుకుని, ఆ ఇళ్లకు వెళ్లి అడిగి రండి. పై అధికారి అడిగేదాకా ఆగకండి.

3. ఓటీపీ వచ్చిందంటే నంబరు పనిచేస్తోందనే అర్థం. ఫోను ఎవరి చేతిలో ఉందో దానికి తెలియదు. మన ఊళ్లలో ఇంటికంతా ఒకే ఫోను, ఈ-సేవై కేంద్రంలో ఎవరు అడిగినా నంబరు చెప్పేసే అమాయకత్వం. వెనకటి రోజుల్లో చదువురానివాళ్ల చేత నిశాని వేయించేటప్పుడు కాగితం చదివి వినిపించి, పక్కన రాసినవాడు తన వ్రాలు కూడా చేసేవాడు. ఆ పద్ధతి మళ్లీ తేవాలి. తెలుగులోనూ తమిళంలోనూ అర్జీ చదివి వినిపించాకే ఓటీపీ అడగండి. ఎవరు అడిగి తీసుకున్నారో వాళ్ల పేరూ రాసి ఉంచండి.

4. బ్రిటన్ పార్లమెంటు అర్జీల్లో ఈమెయిలు ధ్రువీకరణ ఉంది, పోస్టుకోడ్ ఉంది. అయినా 2016లో ఐరోపా సమాఖ్యపై రెండో రెఫరెండం అడిగిన అర్జీలో సుమారు 77,000 దొంగ సంతకాలు తేలాయి. వెయ్యిమంది కూడా లేని వాటికన్ పేరుతోనే 39,000 పైచిలుకు. వాళ్లు దొంగ పేర్లు తీసేశారు, ఆ సంగతి బయటికి చెప్పారు, నిజమైన సంతకాలను అలాగే ఉంచారు. నాకు నచ్చింది అది. మీరూ ఊరివారీగా లెక్క చూడండి. ఊళ్లో ఉన్న పెద్దల కన్నా సంతకాలు ఎక్కువైతే అక్కడే ఆగండి.

5. ఆధార్ నంబర్లు వాట్సాప్ గుంపుల్లో తిప్పకండి. ఇంకొకరి పాస్‌వర్డును, ఎలక్ట్రానిక్ సంతకాన్ని, అలాంటి మరే ప్రత్యేక గుర్తింపునైనా మోసంతో వాడితే ఐటీ చట్టం 66సి కింద మూడేళ్ల దాకా జైలు.

6. ఎవరైనా వచ్చి ‘ఇది నేను పెట్టలేదు’ అంటే వాదించకండి. ఆ రోజే పేరు తీసేయండి. అర్జీలు తీసుకునే సోమవారం నాడు తిరువళ్లూరు కలెక్టరేటుకు వెళ్లేటప్పుడు సవరించిన జాబితానూ, తీసేసిన పేర్ల సంఖ్యనూ అర్జీతోపాటే ఇచ్చి రసీదు తీసుకోండి.